పంద్రాగస్టుకు జెండా పైన కట్టాలా, కింద నుంచి లాగాలా?

పలక_బలపం · 2025 ఆగస్టు 8, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం సందడి ఇప్పుడే సద్దుమణిగింది. వాయినం శనగలు నములుతూ రాస్తున్నా.

మాది బాపట్ల జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలు. నేను తెలుగు పండితుణ్ని. ఇన్నాళ్లూ జెండా పని మా పీఈటీ మాస్టారు చూసుకునేవారు. ఆయనకు జూన్‌లో బదిలీ అయింది, ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. "ఉపన్యాసం ఎలాగూ మీదే కదా, జెండా కూడా మీరే చూసుకోండి" అన్నారు హెడ్మాస్టరు గారు. ఉపన్యాసానికీ ముడికీ చుట్టరికం ఏమిటో నాకు అర్థం కాలేదు గానీ, సరే అన్నాను.

భయం ఎందుకంటే, మొన్న జనవరి 26న మా బళ్లో ముడి ఊడలేదు. వచ్చిన అతిథి లాగారు, ఇంకా గట్టిగా లాగారు, జెండా కర్ర ఊగింది గానీ జెండా విప్పుకోలేదు. తొందరపడి జనగణమన ఎత్తుకున్న పిల్లలు ఆపాలో పాడాలో తెలియక "తవ శుభ నామే" దగ్గర ఆగిపోయారు. చివరికి ఎనిమిదో తరగతి కుర్రాడొకడు గొట్టం పట్టుకుని పైకెక్కి విప్పి దిగాడు. చప్పట్లన్నీ వాడికే.

ఇప్పుడు స్టాఫ్‌రూములో ఇంకో పేచీ. లెక్కల మాస్టారు అంటారూ, "జనవరి 26న జెండా పైనే కట్టి ఉంచి విప్పాలి, ఆగస్టు 15న కింద కట్టి పైకి లాగాలి, రెండూ వేరు" అని. హెడ్మాస్టరు గారేమో "నా సర్వీసంతా రెండు రోజులూ పైనే కట్టాం, పూలు రాలాయి, ఎవరూ ఏమీ అనలేదు" అంటారు. ఏది సరైంది? వారం రోజులే ఉంది.

కృష్ణలంక · ఆగస్టు 8, రాత్రి 9:41

లెక్కల మాస్టారిదే రైటు. ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ఎగరేస్తారు. జనవరి 26న రాష్ట్రపతి ఆవిష్కరిస్తారు. 1947లో ఒక జెండా దిగి మరో జెండా పైకి వెళ్లింది కాబట్టి కింద నుంచి లాగుతారు. 1950 నాటికి మన జెండా పైనే ఉంది కాబట్టి ఊరికే విప్పుతారు. వాట్సాప్‌లో ఏటా వస్తుంది కదా ఇది.

చట్టం_చదివినోడు · ఆగస్టు 8, రాత్రి 10:15

వాట్సాప్‌లో ఏటా వస్తుంది, అదే ఇబ్బంది.

ఇప్పుడున్న ఫ్లాగ్ కోడ్ (జెండా నియమావళి) 2002 జనవరి 26న అమల్లోకి వచ్చింది. ఈ తేడా అందులో నియమంగా లేదు. ఢిల్లీ ఆనవాయితీగా చెబుతారు, మంచి ఆనవాయితీయే, కాదనను. కోడ్ చెప్పేది ఏమిటంటే జెండాను చురుగ్గా ఎక్కించాలి, దించేటప్పుడు నెమ్మదిగా, మర్యాదగా దించాలి.

అసలు తమాషా ఇంకోటుంది. జెండా మీద రాతలు ఉండకూడదు, దాంట్లో ఏమీ మూటగట్టకూడదు అంటూనే, విప్పేముందు పూలరేకులు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదంటుంది కోడ్. ఏ రోజుల్లో అంటే గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం అని రెండింటి పేర్లూ చెబుతుంది. పూలు రాలాలంటే మడిచి పైన కట్టాల్సిందే కదా! అంటే మీ హెడ్మాస్టరు గారు సర్వీసంతా చేసింది తప్పేమీ కాదు. లెక్కల మాస్టారు చెప్పిందీ తప్పు కాదు. మీరు ఏది చేసినా ఎవరూ మిమ్మల్ని జైల్లో పెట్టరు. 1971 నాటి చట్టం జెండాను అవమానించిన వాళ్ల కోసం, ముడి పడనివాళ్ల కోసం కాదు.

బళ్ల గురించి ప్రత్యేకంగా కూడా ఉంది. పిల్లలు మూడు వైపులా నిలబడాలి, నాలుగో వైపు మధ్యలో జెండా కర్ర. హెడ్మాస్టరు, విద్యార్థి నాయకుడు, జెండా ఎగరేసేవారు కర్రకు మూడంగల వెనక నిలబడాలి. మన బళ్లలో వెనక కుర్చీలు, షామియానా, మైకువాడు ఉంటారు కాబట్టి ఇది జరిగేదెక్కడ!

మాజీ_హవల్దార్ · ఆగస్టు 9, ఉదయం 5:35

మాస్టారూ, మీ సమస్య చట్టం కాదు, తాడు. ఇరవై నాలుగేళ్లు జెండా కట్టినవాణ్ని, చెబుతా వినండి.

పైన కట్టేటట్టయితే: జెండాను పొడుగునా సగానికి మడవండి, మళ్లీ ఒకసారి మడవండి. పొడుగాటి పట్టీలా వస్తుంది. ఆ పట్టీని ఎగిరే కొస నుంచి తాడు వైపుకు చీర కుచ్చిళ్లు పెట్టినట్టు మడతలు వేసుకుంటూ రండి. రేకులు ఆ మడతల్లో. గుప్పెడు చాలు, బుట్టెడు కూరితే బరువుకు ముందే జారుతుంది. తర్వాత కింది తాడుతో ఆ మూట చుట్టూ ఒకటిన్నర చుట్టు తిప్పి, తాడునే ఉచ్చులా మడిచి చుట్టు కింద దూర్చండి. ఉచ్చు మాత్రమే దూర్చాలి, కొస దూర్చకూడదు. కొస దూరిస్తే జారుముడి కాస్తా గట్టిముడి అవుతుంది. మీ బళ్లో జనవరిలో జరిగింది అదే అయ్యుంటుంది.

ముందురోజు సాయంత్రం కట్టి వదిలేయకండి. ఇది వానల కాలం. నూలుతాడు తడిస్తే ఉబ్బుతుంది, మీ జారుముడి పొద్దున్నకి రాయి. 15న ఉదయం ఏడింటికి కట్టండి.

కింద నుంచి లాగేటట్టయితే ముడి బెంగ లేదు. కప్పీ (పైన తాడు తిరిగే చక్రం) చూసుకోండి, తుప్పు పట్టి ఉంటే రెండు చుక్కలు నూనె. తాడులో ఎక్కడైనా అతుకు ముడి ఉందేమో చూడండి, కప్పీలోంచి ముడి దూరదు. అన్నిటికన్నా ముందు కాషాయం పైకి ఉందో లేదో ఇద్దరు మనుషులు చూడాలి. ఒకరు చాలరు. ఎందుకు చాలరో అడగకండి.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ · ఆగస్టు 9, ఉదయం 8:02

మీకు ముడి ఒక్కటే సమస్య. అదృష్టవంతులు.

మాది హైదరాబాదులో 240 ఫ్లాట్ల సముదాయం. అధ్యక్షుడు ఎగరేయాలా, పోయినేడు అధ్యక్షుడిగా ఉండి ఈ ఏడు ఓడిపోయినాయన ఎగరేయాలా, రిటైరైన కల్నల్ గారు ఎగరేయాలా అన్నదాని మీద నిన్న రెండు గంటలు సమావేశం. చివరికి అందరికన్నా పెద్దావిడ, సి బ్లాకులో ఉండే 91 ఏళ్ల అమ్మగారి చేత చేయిద్దాం అనుకున్నాం. ఆవిడ "నేను తాడు లాగలేను నాయనా, వాచ్‌మన్ చేత లాగించండి, రోజూ గేటు తెరిచేది వాడే" అంది. అందరం కాసేపు గమ్మున కూచున్నాం. అజెండాలో తర్వాతి అంశం ఇడ్లీయా, ఉప్మానా.

కృష్ణలంక · ఆగస్టు 9, ఉదయం 9:10

సరే, వాట్సాప్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ జెండా విషయంలో బెజవాడోణ్ని తక్కువ చేయొద్దు. 1921లో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశాలు ఇక్కడే జరిగాయి. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా అందించిందీ ఇక్కడే. బందరు రోడ్డులో ఇప్పుడున్న బాపూ మ్యూజియంలోనే అని మావాళ్లు చెబుతారు. ఆయనదేమీ ఆ రోజు పుట్టిన ఆలోచన కాదు. 1916లోనే 30 నమూనాలతో ఒక పుస్తకం అచ్చువేశారు. పత్తి మీద పరిశోధనలు చేసి పత్తి వెంకయ్య, జపనీస్ మాట్లాడి జపాన్ వెంకయ్య, గనుల మీద పనిచేసి డైమండ్ వెంకయ్య. ఒకే మనిషికి ఇన్ని ఇంటిపేర్లు!

పుట్టిన ఊరు భట్లపెనుమర్రు మచిలీపట్నం వైపు వెళ్లేటప్పుడు తగులుతుంది. నేను రెండుసార్లు వెళ్లాను. 1963లో పోయే నాటికి ఆయన గడిపిన బీదతనం తలుచుకుంటే ఆగస్టు 2 జయంతికి వేసే పూలదండలు నాకెందుకో ఎక్కువనిపిస్తాయి.

చట్టం_చదివినోడు · ఆగస్టు 9, ఉదయం 9:32

ఒక్క సవరణ. వెంకయ్య గారిచ్చిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ ఉండేవి, మధ్యలో రాట్నం. తెలుపు తర్వాత చేరింది. 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ స్థిరపడ్డాయి. రాజ్యాంగ సభ 1947 జులై 22న ఆమోదించిన జెండాలో రాట్నం పోయి అశోకచక్రం వచ్చింది. ఇప్పుడు ఎగిరేది అచ్చంగా ఆయన గీసినదే అని పిల్లలకు చెప్పకండి మాస్టారూ, బీజం ఆయనది అని చెప్పండి.

ఓరుగల్లు_బిడ్డ · ఆగస్టు 9, మధ్యాహ్నం 1:45

మీ ముచ్చట్లు మంచిగున్నయి. కానీ 1947 ఆగస్టు 15 అంటే అందరికీ ఒక్కటే తీరు గుర్తొస్తది అనుకోకుండ్రి.

మాది పరకాల దిక్కు. ఆ రోజు ఢిల్లీల నెహ్రూ మాట్లాడుతుంటే మా ఊరు నిజాం రాజ్యంల ఉండె. మూడు రంగుల జెండా పట్టుకుంటే నేరం. ఇండియన్ యూనియన్ల కలవాలని స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7 నుంచే సత్యాగ్రహం పిలుపిచ్చింది. 15న స్వామి రామానంద తీర్థ హైదరాబాదు సుల్తాన్ బజార్ల జెండా ఎగరేస్తే అరెస్టు చేసిన్రు. సెప్టెంబర్ 2న మా పరకాలల జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల ఊర్లకెళ్లి జనం వచ్చిన్రు. నిజాం పోలీసులు, రజాకార్లు కాల్చిన్రు. మా తాతకు అప్పుడు పదేండ్లు. వాళ్ల నాయిన భుజం మీద కూసోని వచ్చిండట. ఆ దినం గురించి మా తాత చెప్పింది ఒక్కటే ముక్క: "చెప్పులు మస్తు పడి ఉండె బిడ్డా, ఎవలియి ఎవలియో తెల్వదు." అంతకుమించి ఎన్నడూ చెప్పలే. ఇప్పుడక్కడ అమరధామం కట్టిన్రు.

మాకు ఇంకో 13 నెలలు పట్టింది, 1948 సెప్టెంబర్ 17 దాక. అందుకే మా ఇంట్ల పంద్రాగస్టు, సెప్టెంబర్ 17 రెండూ ఉంటయి. మొదటిది బడి పండుగ, రెండోది ఇంటి పండుగ. సెప్టెంబర్ 17కు ఏం పేరు పెట్టాల్నో ఇప్పటికీ తెగలే. ఒకలు విమోచనం అంటరు, ఒకలు సమైక్యత అంటరు, ఇప్పటి సర్కారు ప్రజాపాలన దినోత్సవం అంటున్నది. మా తాత ఉంటే "జెండా పట్టుకునే ధైర్యం వచ్చిన రోజు" అనేటోడేమో.

నిర్వాహకుడు · ఆగస్టు 9, మధ్యాహ్నం 3:20

సెప్టెంబర్ 17 పేరు మీద వచ్చిన 14 వ్యాఖ్యలు తీసేశాను. దానికి వేరే చర్చ నడుస్తోంది, 61 పేజీలు అయింది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ జెండా గురించి.

మునగాల_పరగణా · ఆగస్టు 9, సాయంత్రం 6:05

ఓరుగల్లు అన్నా, మాది మీకు సరిగ్గా ఉల్టా. మునగాల చుట్టూతా నిజాం రాజ్యం, మధ్యలో మేం మాత్రం మద్రాసు రాష్ట్రం, కృష్ణా జిల్లా. నీళ్ల మధ్య దీవి లెక్క. 1947 ఆగస్టు 15న మాకు స్వరాజ్యం వచ్చింది, పొలం గట్టు దాటితే లేదు. మా నాయనమ్మ పుట్టిల్లు గట్టుకు అటు. "అన్నకు రాని పండగ నాకెందుకు" అని ఆ రోజు పిండివంటలు చేయలేదట. ఇది మా ఇంట్లో చెప్పుకునే మాట, అంతే. 1959లో మమ్మల్ని నల్లగొండ జిల్లాలో కలిపారు.

గోదారిపాయ · ఆగస్టు 9, రాత్రి 8:50

ఆయ్, అయితే మా యానాం మాట కూడా వినండి.

మాకు 1947లోనూ రాలేదు, 48లోనూ రాలేదండి. ఫ్రెంచివాళ్లు ఉన్నారు కదా. ఇటు కాకినాడలో స్వాతంత్ర్యం, అరగంట ప్రయాణం చేస్తే యానాంలో ఫ్రెంచి జెండా. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో విలీనవాదులు యానాంను చేతిలోకి తీసుకున్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఓటింగ్ పెట్టారు. 178 మంది ప్రతినిధుల్లో 170 మంది ఇండియాలో కలుస్తామన్నారు, 8 మంది వద్దన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఇంకా కథ అవలేదండోయ్, ఒప్పందం చట్టపరంగా పూర్తయింది 1962 ఆగస్టు 16న.

ఆ లెక్కన మా పిల్లలకి ఆగస్టు 15 జెండా పండగ, మర్నాడు 16న మళ్లీ, నవంబరు 1న విమోచన దినం. చిన్నప్పుడు మేం 15న ఇచ్చిన చాక్లెట్లు దాచుకుని 16న వచ్చేవాటితో లెక్క సరిచూసుకునేవాళ్లం. పుట్టినరోజు మూడుసార్లు చేసుకునే పిల్లాడిలాగ అన్నమాట.

పంతులు గారూ, మావాళ్లు రెండు రోజులూ పైన కట్టే విప్పుతారండి. పూలు పడకపోతే పిల్లలు ఒప్పుకోరు.

చట్టం_చదివినోడు · ఆగస్టు 9, రాత్రి 9:15

ఢిల్లీలో కూడా తేదీలు అంత నున్నగా లేవు. ఎర్రకోట మీద నెహ్రూ మొదటిసారి జెండా ఎగరేసింది 1947 ఆగస్టు 15న కాదు, 16న. 15 సాయంత్రం ఇండియా గేట్ పక్క ప్రిన్సెస్ పార్కులో ఎగరేశారు, అక్కడ జనం ఎంతలా పోటెత్తారంటే మౌంట్‌బాటెన్ బండి దిగలేకపోయాడు. అసలు తేదీ ఎంచుకున్నదీ ఆయనే, జపాన్ లొంగిపోయి రెండేళ్లు నిండిన రోజని. కాంగ్రెస్ వాళ్లకైతే జనవరి 26 ఇష్టం, 1930 నుంచి ఏటా స్వాతంత్ర్య దినం జరుపుకున్నది ఆ రోజే కదా. అందుకే రాజ్యాంగానికి ఆ తేదీ ఉంచారు.

ఇండియా, పాకిస్తాన్‌ల మధ్య సరిహద్దు గీత ప్రకటించింది ఆగస్టు 17న. జెండా పండగ అయిన రెండు రోజులకి! బెంగాల్‌లో నదియా జిల్లా కొన్ని ఊళ్ల వాళ్లు రెండు రోజులు పాకిస్తాన్‌లో ఉన్నామనుకున్నారు. అక్కడ ఇప్పటికీ ఆగస్టు 18న జెండా ఎగరేసేవాళ్లున్నారు.

ఎడిసన్_ఆవకాయ · ఆగస్టు 10, ఉదయం 7:30

ఇక్కడ న్యూజెర్సీలో మాకు ఏ తేదీ అయినా ఆదివారమే. 15 శుక్రవారం, ఆఫీసు. న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో ఇండియా డే పరేడ్ 17న. మా ఓక్ ట్రీ రోడ్డులో వేరే పరేడ్. శకటాలు, ఢోలు, ఏదో ఒక సినిమా హీరో, ఉచిత మజ్జిగ ప్యాకెట్లు. మాకూ సరదాగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

కానీ పోయినేడు మా అబ్బాయి (ఇక్కడే పుట్టాడు, పదకొండేళ్లు) అడిగాడు. "జులై 4కి రాత్రి బాణాసంచా కాలుస్తాం, అందరూ గడ్డి మీద కూర్చుని తింటారు. మన ఇండియాకి బాణాసంచా ఎందుకు లేదు? ఎందుకు పొద్దున్నే నిలబడి ఉపన్యాసం వింటారు?" దీపావళికి కాలుస్తాం కదరా అన్నాను. వాడు నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఎవరైనా జవాబు చెప్పండి, ఈ ఏడు మళ్లీ అడుగుతాడు.

పలక_బలపం · ఆగస్టు 10, ఉదయం 10:12

ఇది నా ఉపన్యాసానికే పనికొచ్చే ప్రశ్న.

నాకు తోచింది చెబుతాను. 1947 ఆగస్టు 15న గాంధీజీ ఢిల్లీలో లేరు. కలకత్తా బెలియాఘాటలో హైదరీ మంజిల్ అనే పాత ఇంట్లో ఉపవాసం, ప్రార్థన, రాట్నం. చుట్టూ అప్పటిదాకా మతకలహాలు. అటు పంజాబులో శవాలతో వచ్చిన రైళ్లు. అంటే ఈ పండగ పుట్టిన రోజే ఇంట్లో శుభమూ అశుభమూ కలిసి వచ్చాయి. పురిటి నీళ్లూ మైల నీళ్లూ ఒకే బావిలో తోడుకున్న ఇంట్లో టపాకాయలు కాలుస్తారా? జెండాకు దణ్ణం పెట్టుకుని, పిల్లల చేతిలో మిఠాయి పెట్టి, ఎవరి పనికి వాళ్లు వెళ్తారు. మన జెండా పండగ ఆకారం అందుకే అలా ఉందని నాకనిపిస్తుంది.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ · ఆగస్టు 10, ఉదయం 10:40

ఉపన్యాసం ఎందుకంటే మైకు అద్దెకు తెచ్చాం కాబట్టి. ఇంత లోతు లేదు.

మదనపల్లె_టమాటా · ఆగస్టు 10, మధ్యాహ్నం 12:25

సామీ, పిల్లోళ్లు "తవ శుభ నామే" కాడ నిలబడిపోయినారంటిరే, నాకు నవ్వు ఆగలా. ఆ పాటకు మా ఊరు బాకీ ఉండాది, లేదా మా ఊరికి పాట బాకీ ఉండాది. 1919 ఫిబ్రవరిలో టాగూరు మా బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీకి వచ్చినాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. టాగూరు పాడితే ఆయన భార్య మార్గరెట్ స్వరాలు రాసుకునింది. ఇంగ్లీషులోకి టాగూరు తర్జుమా చేసింది కూడా ఈడనే. ఇప్పుడు దేశమంతా 52 సెకన్లలో పాడే బాణీ వెనక మా మదనపల్లె గాలి కూడా ఉండాది. బయటోళ్లకు మేమంటే టమాటా మార్కెట్ ఒక్కటే తెలుసు.

మా ఇస్కూల్లో మాకు ఆగస్టు 15 అంటే ముందురోజు రాత్రి. రంగు కాగితాలు ముక్కోణాలుగా కత్తిరించేది, మైదాపిండి ఉడకేసి జిగురు చేసేది, పురికొసకు అంటించేది. ఆ జిగురులో సగం మావోడొకడు తినేస్తా ఉండె. తెల్లారి ప్రభాతభేరి, ఊరంతా తిరిగి గొంతు పోయేదాకా "బోలో స్వతంత్ర భారత్ కీ" అని అరిచి, జెండా కాడికొచ్చేసరికి ఎండకు ఇద్దరు పడిపోయేవాళ్లు. నాకు ఈ దినం అంటే ఆ మైదా జిగురు వాసనే సామీ.

ఓరుగల్లు_బిడ్డ · ఆగస్టు 10, మధ్యాహ్నం 2:00

మా దిక్కు జమ్మికుంటల 2017 పంద్రాగస్టు సంది రోజూ పొద్దుగాల మైకుల జనగణమన వస్తది. బండ్లు ఎక్కడియి అక్కడ ఆగుతయి. మొదట్ల నాకు జబర్దస్తీ అనిపించింది. ఇప్పుడు పోయినప్పుడల్లా నేనూ ఆగుతున్న.

పొందూరు_నూలు · ఆగస్టు 10, సాయంత్రం 7:18

ముడి గురించి, పాట గురించి అయ్యింది గానీ, బట్ట గురించి ఎవరూ అడగలేదు. మాది నేత కుటుంబం, శ్రీకాకుళం జిల్లా.

మాస్టారూ, మీ బడి జెండా ఏ బట్ట? 2021 డిసెంబరు 30 దాకా జెండా అంటే చేత్తో వడికి చేత్తో నేసినదే. నూలో, ఉన్నో, పట్టో ఏదైనా ఖద్దరే. ఆ రోజు మార్పు తెచ్చి పాలిస్టర్‌కీ, మరనేతకీ ఒప్పుకున్నారు. 2022లో ఇంటింటా జెండా అనగానే కోట్లలో కావలసివచ్చాయి, మగ్గం అంత వేగం నేయలేదు, అది నిజమే. అయినా కడుపులో కలుక్కుమంటుంది. మన దేశ ప్రమాణాల్లో ఐఎస్ ఒకటో నంబరు జెండాదే తెలుసా? దారం, రంగు, కుట్టు అన్నిటికీ కొలతలున్నాయి. ఆ ప్రమాణంతో ఖద్దరు జెండాలు కుట్టే పేరున్న చోటు కర్ణాటకలో హుబ్బళ్లి పక్కన బెంగేరి. కొలతల్లో అతి చిన్నది 150కి 100 మిల్లీమీటర్లు, అతి పెద్దది 6300కి 4200. ఏ సైజైనా మూడుకి రెండు.

పాలిస్టర్ జెండా వానకి తడవదు, గాలికి బాగా రెపరెపలాడుతుంది. ఖద్దరు తడిస్తే బరువెక్కి కర్రకి అంటుకుంటుంది. ఇది కూడా ఒప్పుకుంటా. కానీ 16 పొద్దున్న రోడ్డు మీద, కాలవలో కనిపించేది ఏది? ఖద్దరు జెండా కాలవలో పడటం నేను చూడలేదు. కొన్నవాడికి దాని ఖరీదు తెలుసు.

చట్టం_చదివినోడు · ఆగస్టు 10, రాత్రి 8:04

పాడైన జెండాను నలుగురి కంట పడకుండా పూర్తిగా కాల్చేయమని కోడ్ చెబుతుంది. కాగితం జెండాలు కూడా నేల మీద పారేయకూడదు.

అయితే నూలు అన్నా, మీ బాధ అర్థమైంది గానీ ఒక మాట. 2002కి ముందు నీలాంటి నాలాంటి వాళ్లు ఇంటి మీద జెండా ఎగరేయాలంటే ఏడాదికి కొన్ని రోజులే. నవీన్ జిందాల్ తన ఫ్యాక్టరీలో రోజూ ఎగరేస్తానని కోర్టుకెక్కి ఏళ్ల తరబడి పోరాడితే 2004 జనవరి 23న సుప్రీంకోర్టు అది భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని తేల్చింది. ఆఫీసుల నుంచి జెండా ఇళ్లకు వచ్చింది ఆ పోరాటంతోనే. చవగ్గా దొరికితేనే పేదవాడి ఇంటి మీదకూ వస్తుంది కదా.

పొందూరు_నూలు · ఆగస్టు 10, రాత్రి 8:30

పేదవాడు నేసినదాన్ని పేదవాడు కొనలేని పరిస్థితి ఎవరు తెచ్చారు అన్నది వేరే చర్చ. నిర్వాహకుడు 61 పేజీలు చూపిస్తాడు. ఊరుకుంటున్నా.

కృష్ణలంక · ఆగస్టు 11, ఉదయం 9:55

ఎవరు లాగాలి అన్నది కూడా కొత్త గొడవ కాదు. 1974కి ముందు రాష్ట్రాల్లో ఆగస్టు 15న గవర్నర్లే ఎగరేసేవాళ్లు. కరుణానిధి పట్టుబట్టాక ముఖ్యమంత్రులకు ఆ హక్కు వచ్చింది. రాష్ట్రం విడిపోయాక మా సర్కారు వేడుక ఊరూరా తిరిగింది. 2014లో కర్నూలు, తర్వాత విశాఖ, అనంతపురం, తిరుపతి, శ్రీకాకుళం. ఇప్పుడు మా మున్సిపల్ స్టేడియంలో కుదురుకుంది. తెలంగాణ వాళ్లు 2014లోనే గోల్కొండ కోటకు మార్చారు. ఒప్పుకోవాలి, కోట మీద జెండా చూడ్డానికి బాగుంటుంది.

మా అత్తగారి ఊళ్లో మాత్రం సర్పంచి ఆవిడ, తాడు పట్టుకునేది ఆయన. ఆవిడ పక్కన నిలబడి పళ్లెం పట్టుకుంటుంది. మూడేళ్లుగా చూస్తున్నా. పంచాయతీకి ఈ వేడుకకు ఇచ్చే డబ్బులు 2024లో చిన్న పంచాయతీకి 100 నుంచి 10,000 చేశారు, పెద్దదానికి 250 నుంచి 25,000. మూడు దశాబ్దాల పైగా ఆ వందే ఉండేది! మొత్తం పెరిగింది, తాడు చెయ్యి మారలేదు.

మాజీ_హవల్దార్ · ఆగస్టు 14, రాత్రి 9:00

మాస్టారూ, రేపే. ఏం తేల్చుకున్నారు? అక్కడ వాన ఉందా?

పలక_బలపం · ఆగస్టు 14, రాత్రి 10:20

పొద్దుటి నుంచి ముసురు. కింద నుంచి లాగడానికే నిర్ణయం. హెడ్మాస్టరు గారిని ఒప్పించింది లెక్కల మాస్టారు కాదు, మీరు చెప్పిన తడితాడు. కప్పీకి నూనె వేయించాను. కాషాయం పైన అని సుద్దముక్కతో దిమ్మె మీద రాశాను. బంతిపూల రేకులు అలవాటు కొద్దీ అరకిలో తెచ్చారు.

పలక_బలపం · ఆగస్టు 15, మధ్యాహ్నం 12:48

ఇప్పుడే ఇంటికొచ్చాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

హవల్దారు గారు చెప్పిన వాటిలో ఒకటి మరిచిపోయాను. అతుకు.

జెండా చక్కగా పైకి వెళ్తోంది, కప్పీ చప్పుడు కూడా లేదు. కొసకు ఇంకా రెండు మూరలుందనగా ఠక్కున ఆగింది. ఎప్పుడో తాడు తెగితే ఎవరో ముడేశారు, ఆ ముడి కప్పీ దగ్గర తట్టుకుంది. హెడ్మాస్టరు గారు లాగుతున్నారు, నాకు చెమటలు. "సంతాపానికి కట్టినట్టు ఉంది మాస్టారూ" అని లెక్కల మాస్టారు చెవిలో. ఈసారి పిల్లలు తెలివిగా జనగణమన మొదలుపెట్టలేదు, నా చేతి వంక చూస్తూ నిలబడ్డారు.

వరసలోంచి ఒకడు బయటికొచ్చాడు. జనవరిలో గొట్టం ఎక్కినవాడే, ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. మళ్లీ ఎక్కేస్తాడేమోనని "ఒరేయ్ ఆగు" అన్నాను. "ఎక్కను సార్, దించండి" అన్నాడు. నెమ్మదిగా దించాం. వాడు జెండా పై ముడి విప్పి, తాడు అతుక్కి ఆనించి కట్టాడు. అంతే! అతుకు కప్పీని తాకేసరికి జెండా కొసలో ఉంది. వాళ్ల నాన్న వాడరేవులో పడవ మీద పనిచేస్తాడట. తాళ్లతోనే పెరిగాడు.

పాట సాఫీగా సాగింది. ఉపన్యాసంలో పరకాల, మునగాల, యానాం మూడూ చెప్పాను. ఓరుగల్లు బిడ్డ తాతగారి చెప్పుల మాట చెప్పినప్పుడు వెనక వరసల గోల ఆగింది.

అయిపోయాక ఆరో తరగతి పిల్ల వచ్చి "సార్, ఈసారి పూలెందుకు పడలేదు?" అంది. ఫ్లాగ్ కోడ్ చెప్పబోయి, మానేశాను.

గోదారిపాయ · ఆగస్టు 15, మధ్యాహ్నం 1:10

చెప్పానా లేదా! రేపు మా ఊరు పంపండి ఆ పిల్లని, పూలు పడతాయి.

మాజీ_హవల్దార్ · ఆగస్టు 15, మధ్యాహ్నం 1:32

ఆ కుర్రాడికి నా సెల్యూట్ చెప్పండి. సాయంత్రం దించేటప్పుడు కూడా వాడినే పిలవండి. ముందు కొత్త తాడు కొనండి. కప్పీకి సరిపడా మందం, ఒకే ముక్క, నైలాన్.

పలక_బలపం · ఆగస్టు 15, మధ్యాహ్నం 2:05

ఇంటికొస్తూ మా వీధి చివర దుకాణంలో అడిగితే ఇరవై మీటర్లు 180 రూపాయలన్నాడు. బిల్లు బడికి పెట్టాలా, పంచాయతీకి పెట్టాలా అని హెడ్మాస్టరు గారూ సర్పంచి గారూ ఇంకా మాట్లాడుకుంటున్నారు. మిగిలిన రేకులు మా ఆవిడ తీసుకుంది, శ్రావణ శుక్రవారం కదా.